ఆయన ఖాళీగా వదిలిన గడి

ఆయన పోయారని ఫోను చేసి చెప్పిన నవీన్‌కి కుడికన్ను లేదు. ఆ కన్ను పోయింది ఆయన చేత్తో తయారుచేసిన తూటా వల్లే. ఆ సంగతి తెలిసిన నవీన్ ఫోనులో వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. రెండు కళ్లూ ఉన్న నాకు మాత్రం నీళ్లు రాలేదు. ఎందుకు రాలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

"అన్నా, అంకుల్ గురించి నువ్వే రాయాలె," అన్నాడు నవీన్. "లోకంల అందరి గురించి రాసినవ్. ఆయన గురించి గూడ రాయి."

రాస్తాను. పేరు మాత్రం రాయను. పేరు రాస్తే ఇంటిపేరు అడుగుతారు. ఇంటిపేరు చెబితే ఊరు, ఊరు చెబితే ఊళ్లో ఏ పక్క అని అడుగుతారు. సముద్రాల అవతల ఈ హామిల్టన్‌లో కూడా మనవాళ్ల పార్టీల్లో కొత్తమనిషి చేతిలో జ్యూసు గ్లాసు ఖాళీ అయ్యేలోపు ఈ ప్రశ్నలన్నీ పూర్తవుతాయి. ఆయన బతికినన్నాళ్లూ ఆ చివరి ప్రశ్నకి జవాబు చెబుతూనే ఉన్నారు. పోయాకైనా ఆ బాధ తప్పనిద్దాం.

మొదటిసారి ఆయన్ని చూసింది హామిల్టన్ శివారు రోటోటూనాలో ఒక గృహప్రవేశంలో. ఇంటాయన తూర్పు గుమ్మం కోసం ఏడాది వెతికి, చివరికి కూర్చునే గది దక్షిణానికి పడి, మధ్యాహ్నం ఎండే రాని ఇల్లు కొన్నాడు. హేతువాదం మీద ఊరూరా ఉపన్యాసాలిచ్చినవాణ్ణి, నాకు ఒళ్లు మండింది. వాస్తు పుట్టుపూర్వోత్తరాల దగ్గర మొదలుపెట్టి అరగంట దంచాను. వినేవాళ్లు పులిహోర తింటూ తల ఊపుతున్నారు. అప్పుడు మూలన ప్లేటు పట్టుకుని నిలబడ్డ పొట్టి మనిషి, అరవై దగ్గరపడినాయన, ఇంటాయన్ని మెల్లిగా అడిగారు.

"ఏవండీ, ఈ దేశంలో మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరాన ఉంటాడు గదా. మీ పుస్తకం రాసినాయనకి ఆ సంగతి తెలుసంటారా?"

ఇంటాయన గుమ్మంలోకి వెళ్లి పైకి చూశాడు. నా అరగంట ఉపన్యాసం చేయలేని పని ఆ ఒక్క ప్రశ్న చేసింది. ఆనాడు నాకు ఆయన మీద కలిగింది గౌరవం అని చాలాకాలం చెప్పుకున్నాను. అందులో సగం అసూయ.

ఆయన గుంటూరు వైపు ఒక కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబులో పనిచేసి, నర్సయిన భార్యకి ఇక్కడ ఉద్యోగం వస్తే వెంట వచ్చారు. పాల ఫ్యాక్టరీలో పాలు పరీక్షించే పని దొరికింది. నవీన్ వరంగల్ నుంచి చదువుకని వచ్చి, చదువు అయ్యాక పొలాల నుంచి ఆ ఫ్యాక్టరీకి పాలు తెచ్చే ట్యాంకరు డ్రైవరయ్యాడు. వాడు తెచ్చిన పాలు ఈయన పరీక్షించేవారు. అలా కలిశారు. నవీన్ ఆయన్ని అంకుల్ అనేవాడు. నేను అన్నగారూ అనేవాణ్ణి. ఆయనకి నేను తమ్ముణ్ణి. నేను మరీ రెచ్చిపోతే మాత్రం, "హేతువాదిగారూ, ఆ టీ చల్లారిపోతోంది," అనేవారు.

టీ ఆయనే పెట్టేవారు. చెంచాతో పొడి తీసి, పైన చాకు అంచుతో గీసి చదును చేసి వేసేవారు. ఎక్కువైన నాలుగు పలుకులూ మళ్లీ డబ్బాలోకి. ఆయన భార్య (నవీన్‌తోపాటు నేనూ ఆంటీ అనేవాణ్ణి) నవ్వేది. "ముప్పై ఏళ్ల నుంచీ ఒకటే టీ తాగుతున్నానండీ. ఒకరోజు బాగుండటం, ఒకరోజు బాగోకపోవటం లేదు. ఒకటే టీ!"

ఆంటీకి ప్రార్థన తప్పకూడదు. ఆదివారం ఆయనే కారులో చర్చికి తీసుకెళ్లేవారు. ఆవిడ లోపల ఉన్నంతసేపూ పార్కింగ్‌లో కారులో కూర్చుని, వాడేసిన ఇత్తడి తూటా గొట్టాలు ఒక్కొక్కటీ చిన్న బ్రష్షుతో తోముకునేవారు. "బ్రదర్ ప్రార్థన ఇత్తడితో," అని చర్చివాళ్ల వేళాకోళం. ఆయన అద్దం దించి, "మీ పాటలు ఇక్కడికి వినపడుతున్నాయి లెండి. మూడో పాటలో శ్రుతి తప్పింది," అనేవారు.

తుపాకీ ఆయన చేతికి వచ్చింది ఫ్యాక్టరీలో పరిచయమైన ఈ దేశస్థుడైన ఒక ముసలి కివీ రైతు వల్ల. ఆ రైతు తమ క్లబ్బుకి తీసుకెళ్లాడు. పచ్చిక మైదానం, గాలి చెప్పడానికి వరసగా జెండాలు, తొమ్మిది వందల గజాల అవతల ఒక కాగితం. నేలమీద బోర్లా పడుకుని దాన్ని కొట్టాలి. అంతదూరంలో కొట్టాలనుకునేవాళ్లు కొనుక్కున్న తూటాలు వాడరు. ఎవరి తూటాలు వాళ్లే తయారు చేసుకుంటారు. ఖాళీ ఇత్తడి గొట్టంలో తుపాకిమందు తూచి పోసి, పైన గుండు బిగించడం. తూకంలో వెంట్రుకవాసి తేడా వస్తే అక్కడ కాగితం మీద జానెడు తేడా పడుతుంది.

"కొన్న తూటా అందరికీ సరిపోయే చొక్కా తమ్ముడూ," అనేవారు. "ఎవరికీ సరిగ్గా సరిపోదు."

ఇక్కడ తుపాకీ లైసెన్సు కావాలంటే పోలీసులు ఇంటికి వచ్చి భార్యని అడుగుతారు, బయటి మనిషిని ఒకణ్ణి అడుగుతారు. బయటి మనిషిగా ఆయన నన్ను చూపించారు. ఆంటీని వేరే గదిలో కూర్చోబెట్టి, ఈయనకి కోపం వస్తే ఏం చేస్తాడని అడిగారట. "అలమర సర్దుతాడు," అందట ఆవిడ. నన్ను అడిగినప్పుడు, నేనెరిగిన మనుషుల్లో ఇంత జాగ్రత్తపరుడు లేడని చెప్పి సంతకం పెట్టాను. అలా పూచీపడింది నేను.

"ఇన్ని సరదాలుండగా తుపాకీ ఏమిటన్నగారూ?" అని ఒకసారి నిలదీశాను.

"ఆ కాగితం నా ఊరు అడగదు తమ్ముడూ. నేను ఎంత సరిగ్గా చేశానో అంతే చెబుతుంది. మొహమాటపడదు, చిన్నచూపు చూడదు."

ఆ రోజే గ్లాసు సంగతి చెప్పారు. వాళ్ల ఊరి టీకొట్టులో వాళ్ల నాన్న గ్లాసు చూరులో విడిగా ఉండేదట. గుర్తుకోసం దానికి సొట్ట పెట్టారు. తాగి, తనే కడిగి, మళ్లీ చూరులోనే పెట్టాలి. "సొట్ట గ్లాసులో టీ తక్కువ పడుతుంది. ఆ సంగతి కొట్టాయనకి తెలుసు, మా నాన్నకి తెలుసు. నేను నేర్చుకున్న మొదటి కొలత అదే." అని, కాసేపు చేతిలోని బ్రష్షు చూసుకుని, "కాలేజీ ల్యాబులో త్రాసు చూసినప్పుడు అందుకే దాన్ని వదల్లేకపోయాను. అది మనిషిని బట్టి తూచదు," అన్నారు.

ఆ మాట నా ఉపన్యాసంలో వాడుకున్నాను. ఆయన పేరు లేకుండా. చప్పట్లు నాకు పడ్డాయి.

ఆయన గ్యారేజీలో బల్ల దగ్గర కొన్ని పట్టింపులుండేవి. బల్లమీద ఒక్క మందుడబ్బా మాత్రమే ఉండాలి. ఫోను వంటింట్లో. తూకం వేస్తున్నప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. ఆఖరిది, ఒకరు కట్టిన తూటా ఇంకొకరు కాల్చకూడదు. ఇచ్చేది లేదు, పుచ్చుకునేది లేదు. దాని కారణం ఆయన నాకు చెప్పే ఉంటారు. నేను విని ఉండను. ఆయన దగ్గర నాకు కావలసింది తూటాల శాస్త్రం కాదు. వేదిక మీద వాడుకోదగ్గ వాక్యాలు.

బల్లమీద ఒక నోటుబుక్కు కూడా ఉండేది. స్కేలుతో గీతలు గీసి గడులు చేశారు. తేదీ, గాలి, తూకం, గుండు ఎక్కడ పడింది, ఆఖరి గడి 'ఎందుకు'. గురి తప్పిన ప్రతిసారీ ఆ గడి నిండాలి. "అదృష్టం బాగోలేదని రాయటానికి గడి పెట్టలేదు," అనేవారు. ముప్పై ఏళ్లు ఊరూరా తిరిగి నేను చెప్పిందంతా ఆ ఒక్క గడిలో ఉంది. నేను చెప్పాను. ఆయన రాసుకున్నారు. తేడా ఎంతటిదో తర్వాత తెలిసింది.

నవీన్ కూడా ఆ సరదాలో పడ్డాడు. పాత తుపాకీ ఒకటి కొన్నాడు. ఆయన తుపాకీలో పట్టే తూటాయే అందులోనూ పడుతుంది. కానీ సొంతంగా తయారు చేసుకునే ఓపిక లేదు. కొన్న డబ్బాలే వాడేవాడు. అయినా చెయ్యి మంచిది.

2014 జూలైలో, అంటే ఇక్కడి చలికాలంలో, క్లబ్బు వార్షిక పోటీ. నేను చూడటానికి వెళ్లాను. ఉదయం దట్టమైన మంచు, తర్వాత సన్నని జల్లు. ఆఖరి వంతుకి వచ్చేసరికి నవీన్ మూడో స్థానంలో ఉన్నాడు. ఇంకా ఐదు సరిగ్గా కొడితే క్లబ్బు గోడమీది చెక్కపలకకి మనవాడి పేరు ఎక్కుతుంది. అప్పటిదాకా ఆ పలకమీద మన పేరు ఒక్కటీ లేదు. తీరా చూస్తే వాడి డబ్బా ఖాళీ. పొద్దున గురి సరిచూసుకుంటూ ఎక్కువ కాల్చేశాడు.

"అంకుల్, ఐదియ్యండి. ఐదే. మీది, నాది ఒకటే సైజు కద."

"ఇవ్వకూడదురా."

"గిప్పుడు షాపుకెక్కడికి పోవాలె అంకుల్? పది నిమిషాలుంది."

"పోతే పోయింది. వచ్చే ఏడు కొడుదువులే."

"మీ చేతి తూటా అయితే నేను కండ్లు మూసుకుని కొడ్త అంకుల్. ప్లీజ్."

"అందుకే ఇవ్వను. పో."

నవీన్ ముఖం చిన్నబుచ్చుకుని తన చాప దగ్గరికి వెళ్లిపోయాడు. అక్కడితో అయిపోవలసింది. పక్కన నేనున్నాను. ఇచ్చిపుచ్చుకోవడం కూడదనే మాట ఎక్కడ వినపడినా కొరడా తీసే అలవాటు నాది. ఎన్ని ఊళ్లలో ఎన్ని బావుల దగ్గర ఆ మాట మీద పోట్లాడలేదు! ఇది కూడా అదేననుకున్నాను. అనుకోవడం కాదు, ఆలోచించలేదు. నోటికి అలవాటైన మాట వచ్చేసింది.

"ఏమిటన్నగారూ, మీరు కూడా మడి కట్టారా? ఒకళ్లు చేసింది ఇంకొకళ్లు ముట్టకూడదా? ఆ సొట్ట గ్లాసు ఇక్కడికి కూడా తెచ్చుకున్నారా?"

ఆయన నా వైపు చూశారు. ఆ చూపు వర్ణించలేను, వర్ణించే హక్కు కూడా నాకు లేదు. ఇంతకుముందు ఆ ముఖంలో కోపం చూశాను, విసుగు చూశాను. ఇది రెండూ కాదు. ఆయన వంగి, తన డబ్బా మూత తీసి, ఐదు తూటాలు లెక్కపెట్టి అరచేతిలో పెట్టుకున్నారు. ఎప్పుడూ తెరిచి వదలని ఆ మూత మళ్లీ పెట్టలేదు.

"ఇదుగోరా," అని నవీన్ దగ్గరికి నడిచారు. "అద్దాలు పెట్టుకో."

పెట్టుకున్నాడు. జల్లుకి ఆ రక్షణ అద్దాలమీద ఆవిరి పట్టింది. మొదటి గుండు తగలాక వాటిని తీసి పక్కన పెట్టాడు. రెండో తూటాకి శబ్దం తేడాగా వచ్చింది. బయటికి పోవలసిన మంట వెనక్కి వచ్చిన శబ్దం. తర్వాత నవీన్ అరుపు. అందరికంటే ముందు పరుగెత్తింది ఆయనే. నేను నిలబడ్డచోటే ఉన్నాను.

కారణం ఆ సాయంత్రం ఆస్పత్రి వరండాలో తెలిసింది, నాకూ అర్థమయ్యేంత మామూలు మాటల్లో. ఆయన తన తూటాని తన తుపాకీ తట్టుకోగలిగిన అంచుదాకా తీసుకెళ్లారు. మెల్లమెల్లగా, నెలల తరబడి, ప్రతి మెట్టుకీ పరీక్షించుకుంటూ. ఆయన తుపాకీలో గుండుకీ, అది దూసుకెళ్లే తుపాకీ గొట్టం లోపలి గాడులకీ మధ్య కాస్త ఖాళీ ఉంటుంది. నవీన్ పాత తుపాకీలో ఆ ఖాళీ లేదు. అక్కడ క్షేమమైన మందే ఇక్కడ ఎక్కువైంది. మొదటిదాన్ని తుపాకీ ఎలాగో తట్టుకుంది, రెండోదాన్ని తట్టుకోలేదు. ఒకరి తూటా ఒకరు కాల్చకూడదన్నది మడి కాదు. ఎన్నో కళ్లూ ఎన్నో వేళ్లూ పోగొట్టుకున్నాక మనుషులు నేర్చుకున్న జ్ఞానం. కారణం లేని ఆచారానికీ, కారణమున్న కట్టుబాటుకీ తేడా కనిపెట్టడమే నా పని అని ముప్పై ఏళ్లు చెప్పుకున్నవాణ్ణి. ఆ తేడా కనిపెట్టవలసిన ఒకే ఒక్క రోజున నేను అడగాల్సిన మాట 'ఎందుకు ఇవ్వకూడదు?' అన్నది. అడగలేదు. ఎత్తిపొడిచాను.

వరండాలోకి పాస్టరుగారు వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశారు. "దేవుడి చిత్తం బ్రదర్. మన చేతుల్లో ఏముంది?"

"నా చేతుల్లోనే ఉంది పాస్టరుగారూ," అన్నారాయన. "దేవుడు నా బల్ల దగ్గరికి రాలేదు. తూచింది నేను, ఇచ్చింది నేను. ఆయన్ని ఇందులోకి లాగకండి."

పండగలకి కలిసే మనవాళ్లు దిష్టి అన్నారు, నవీన్ జాతకంలో శని అన్నారు, అద్దాలు తీసేసిన వాడిదే తప్పన్నారు. ఆయనకి తప్పించుకోవడానికి అందరూ తలా ఒక తలుపు తెరిచి పట్టుకున్నారు. ఆయన ఒక్కదాంట్లోంచీ వెళ్లలేదు. విధి, దైవం, గ్రహం అన్నవి ముందుగా తప్పు చేసినవాడి అవసరానికి పుట్టినవని నేను ఎన్నోసార్లు రాశాను. తప్పు చేసినవాడు వాటిని నెట్టేస్తుంటే చూడటం అదే మొదలు.

రెండు వారాల తర్వాత క్లబ్బు షెడ్డులో విచారణ. ముగ్గురు ముసలి రైతులు బల్ల వెనక కూర్చున్నారు. ఆయన లేచి నిలబడి అంతా చెప్పారు. ఒకాయన అడిగాడు, ఇన్నేళ్లుగా ఎవరికీ ఇవ్వనివాడివి ఆ రోజు ఎందుకు ఇచ్చావని.

"ఇవ్వకూడదు. ఇచ్చాను."

"ఎవరైనా ఒత్తిడి చేశారా?"

"చెయ్యి నాది."

ఆయన నా వైపు చూడలేదు. చూస్తే పట్టుబడేవాణ్ణి, చూడలేదు కాబట్టి కూర్చోగలిగాను. కారణం లేకుండా ఏదీ జరగదని గొంతు చించుకున్న మనిషి, ఆ షెడ్డులో వెనక వరసలో, తనే కారణమై కూర్చుని, బూట్లమీది బురద చూసుకున్నాడు.

బయటికి వచ్చాక కారు దగ్గర ఆయన తలుపు తీయకుండా ఆగారు. చెయ్యి తలుపు మీదే ఉంది. నా కోసం ఆగారని తెలుస్తూనే ఉంది. ఒక్క మాట చాలు.

"చలిగా ఉంది కదండీ," అన్నాను.

"ఉంది," అని తలుపు తీశారు.

తుపాకీ అమ్మేశారు, లైసెన్సు తిరిగి ఇచ్చేశారు. త్రాసు అలమరలోకి వెళ్లింది. కన్ను పోయినవాడికి పెద్ద వాహనాల లైసెన్సు నిలవలేదు. నవీన్ ట్యాంకరు దిగి, యార్డులో బళ్లు లెక్కపెట్టే పనిలో చేరాడు. అప్పటినుంచి ఆయన ప్రతి ఆదివారం ఆంటీని చర్చి దగ్గర దించి, పార్కింగ్‌లో కూర్చోకుండా నవీన్ ఫ్లాటుకి వెళ్లేవారు. గాజుకన్ను పెట్టించడానికి తిప్పింది ఆయనే. ఒంటికన్నుతో కారు నడపడం మళ్లీ నేర్పించింది ఆయనే.

నేను వెళ్తే టీ పెట్టేవారు. డబ్బాలో చెయ్యిపెట్టి పిడికెడు తీసి వేసేసేవారు. చెంచా లేదు, చాకు లేదు. ఒకరోజు కషాయం, ఒకరోజు వేడినీళ్లు. ఆంటీ గ్లాసు చేతికిస్తూ ఏమీ అనేది కాదు. ఒకసారి మాత్రం, "ఏదైనా తాగండి, అలవాటయిపోద్ది," అంది.

ఆ ఏడే కర్మసిద్ధాంతం పిరికివాళ్ల సాకు అని పెద్ద వ్యాసం రాశాను. ఆయనకి చూపించాను. ఎలా చూపించగలిగానో ఇప్పుడు తలుచుకుంటే నాకే తెలియదు. ఆయన అద్దాలు పెట్టుకుని ఆసాంతం చదివి, మడిచి ఇచ్చారు. "బాగుంది హేతువాదిగారూ. పిరికివాళ్లకి ఇంకా సాకులుంటాయి. అవి కూడా రాయండి."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

సమాధుల దగ్గర మట్టి వేశాక ఆంటీ ఆ నోటుబుక్కు నా చేతికి ఇచ్చింది. "మీకిమ్మన్నారు," అంది. ఇంటికి వచ్చి తిరగేశాను. ఏళ్ల తరబడి పేజీలు. 'ఎడమకి నాలుగు వేళ్లు. ఎందుకు: గాలి మారింది, జెండా చూడలేదు.' 'కిందికి. ఎందుకు: తొందర.' 'పైకి. ఎందుకు: ఫ్యాక్టరీలో మాట పడ్డాను, అది మనసులో పెట్టుకుని పడుకున్నాను.' ఒక్క గడి కూడా వదల్లేదు. ఆ జూలై రోజు పేజీ వచ్చింది. తేదీ ఉంది. గాలి ఉంది. తూకం ఉంది. గుండు ఎక్కడ పడిందన్న చోట 'నవీన్ కుడికన్ను' అని ఉంది. ఎందుకు అన్న గడి ఖాళీ. పెన్సిలు మొన ఆనిన చుక్క ఒకటి ఉంది, అంతే. తన పేరే రాసుకోగలిగిన మనిషి. షెడ్డులో అందరిముందూ చెప్పిన మనిషి. ఇక్కడ రాయలేదు. నోటుబుక్కులో అబద్ధం రాయరు, సగం నిజం కూడా రాయరు. మిగతా సగం రాయవలసినవాడు వేరే ఉన్నాడు.

ఆ గడిలో నా పేరు రాశాను. తర్వాత ఇక్కడిదాకా రాసి, నవీన్‌కి ఫోను చేసి చదివి వినిపించాను. ఇన్నేళ్లూ నన్ను నేను సమాధానపరుచుకోవడానికి వాడుకున్న ఒక్క సంగతి కూడా చెప్పాను. ఆ రోజు వాడు పది అడుగుల దూరంలో, కాల్పుల చప్పుడు వినపడకుండా చెవులకి మఫ్స్ పెట్టుకుని ఉన్నాడు, నా మాట విని ఉండడు అని.

అవతల టీవీ కట్టేసిన చప్పుడు.

"మఫ్స్ మెడకున్నయన్నా," అన్నాడు నవీన్. "నువ్వన్నది మొత్తం విన్న. కన్ను పోయింది గని చెవులు మంచిగనే ఉన్నయ్."

"మరి ఇన్నేళ్లూ అడగలేదేంరా?"

"అంకుల్ అడగొద్దన్నరు. తమ్ముడే చెప్తడు, ఆగుమన్నరు." వాడే మళ్లీ అందుకున్నాడు. "ఆదివారం వచ్చినప్పుడల్లా అడిగేటోళ్లు. ఏరా, తమ్ముడేమన్నా అన్నాడా అని. పోయేముందు ఆదివారం గూడ అడిగిన్రు."

"నువ్వేమనేవాడివి?"

"ఇంకా లేదంకుల్ అనేటోణ్ణి."